కొత్త కర్ర మీద ఎర్ర గీత

మొదట కర్ర చప్పుడు.

మిరప చాళ్ళలో వంగి కాయ కోస్తున్న ఆడవాళ్ళకు అది చీరల కంచె వైపు నుంచి వినిపించింది. ఇనప గొట్టంలోకి కర్ర జారి, అడుగున ఆగి, దబ్బుమన్న చప్పుడు. మరొకసారి దబ్బు. కాసేపటికి కాలిబాట మీద ఎవరో పరుగెత్తుకొస్తున్న అడుగులు. "ఒద్దు, బాలస్వామీ, ఒద్దు," అన్న కేక. ఆ కేక ముగియకముందే తుపాకి పేలింది.

కోత ఆగింది. అందరికంటే ముందు లేచి నిలబడిన రహమతున్నీసాకు పక్క చేలో కనిపించినవి రెండే. కంచెకు లోపల, తుపాకి పట్టుకుని కొయ్యబారిన కాపలాదారు బాలస్వామి. కంచెకు అవతల, బాట మీద, చెప్పులు లేని కాళ్ళతో వెల్లకిలా పడివున్న ఆ పొలం యజమాని కొడుకు రఘురామ్. ఇద్దరి మధ్య, అడవిపందులు బెదరడానికి కట్టిన పాత చీర ఒకటి నడుమ కాలిన రంధ్రంతో గాలికి ఊగుతోంది.

అది ఫిబ్రవరి నెల. నలభై రోజులు గడిచాక, ఎండిన మిరప ఘాటు ఊళ్ళన్నిటి మీదా తెరలా కమ్మివున్న ఒక పగటివేళ, బాలస్వామి భార్య సంతోషకుమారి గుంటూరు బస్సెక్కింది. అరండల్‌పేటలో జిరాక్స్ దుకాణం పైన ఉన్న చిన్న గది తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని అడగడానికి కూడా భయపడింది.

ఆ గది డిటెక్టివ్ కోటిరత్నానిది. పోలీసు ఆయుధాగారంలో ఇరవై రెండేళ్ళు తుపాకులు అప్పగించి, తిరిగి పుచ్చుకుని, పరీక్షించి, తాళం వేసే పని చేసి పదవీ విరమణ పొందిన మనిషి. ఇప్పుడు ఎక్కువగా పెళ్ళి సంబంధాల ఆరాలు తీస్తుంటుంది. ఆమెకు సహాయకుడు అక్బర్. ఒకప్పుడు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడు. మనుషుల ముఖాలు తాను చూస్తాననీ, మేడమ్ చేతులు చూస్తుందనీ, నిజం ఎప్పుడూ చేతుల దగ్గరే దొరికిందనీ అతను అందరికీ చెప్పుకుంటాడు.

సంతోషకుమారి చెప్పిన సంగతి పెద్దదేమీ కాదు. దర్శి దాటాక అద్దంకి రోడ్డు మీద కొండ్రుపాడు అనే ఊరు. అక్కడ లెక్కల మాస్టారుగా పదవీ విరమణ పొందిన రామమూర్తిగారి మిరప చేనుకు ఆమె భర్త పదకొండేళ్ళుగా కాపలా. పంట రక్షణకు లైసెన్సు ఉన్న పాతకాలపు ఒంటిగొట్టం తుపాకి మాస్టారిది. లైసెన్సులో కాపలాదారుగా బాలస్వామి పేరు కూడా ఎక్కింది. ఒకరోజు పందులు ఆరు చాళ్ళు పెకలించిపోతే, రఘురామ్ కూలీలందరి ముందూ అతన్ని తిట్టాడు. నా విలువ నేను లేనప్పుడు తెలుస్తుందిలే అని గొణిగి, బాలస్వామి చర్చి ఉజ్జీవ కూడికలకని పిడుగురాళ్ళలో బావమరిది ఇంటికి మూడు రోజులు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చిన సాయంత్రమే ఈ ఘోరం. పోలీసులు హత్య అని రాశారు. చీర చాటున పొంచి కాల్చాడనీ, ఆ అబ్బాయి ప్రాణం కోసం ఒద్దు ఒద్దు అని బతిమాలినా వినలేదనీ వారి వాదన. ఉరి వేయించేదాకా నిద్రపోనని మాస్టారు శపథం చేశారు.

"ఆయన ఒకటే మాట అంటాడమ్మా," అంది సంతోషకుమారి. "కర్ర వేసి చూశాను, గీత సరిగ్గా నిలిచింది, ఖాళీ అనుకున్నాను అంటాడు. ఇంకేం అడిగినా నోరు విప్పడు. ముప్పై ఏళ్ళు కాపరం చేశాను. అబద్ధమైతే నాకు తెలియదా?"

గీత సరిగ్గా నిలిచింది అన్న మాటను కోటిరత్నం పుస్తకంలో రాసుకుని, కింద గీత గీసింది.

*

మర్నాడు బస్సులో అక్బర్‌కు ఆమె ఆ తుపాకి తీరు వివరించింది. దానికి తూటా ఉండదు. మూతి నుంచి మందు పోసి, పీచు దూర్చి, సీసపు రవ్వలు వేసి, మళ్ళీ పీచు పెట్టి, పొడవాటి కర్రతో దట్టించాలి. వెనక చిన్న మొన మీద అగ్గిపుల్ల తలంత మందున్న రాగి టోపీ పెడితే, సుత్తి దాని మీద పడి నిప్పు లోపలికి పోతుంది. లోపల మందు ఉన్నదీ లేనిదీ కంటికి కనబడదు. అందుకే దట్టించే కర్ర మీద ఒక గీత ఉంటుంది. కర్రను గొట్టం అడుగుదాకా వదిలినప్పుడు గీత మూతికి సమంగా నిలిస్తే ఖాళీ. గీత మూతికి పైన నిలిస్తే మందున్నట్టు.

"ఖాళీ అని తేల్చుకున్నాక టోపీ పెట్టి కొట్టడం దేనికి మేడమ్?"

"చెమ్మ ఆరడానికి. కొత్తగా మందు పోసేముందు ఉత్త టోపీ ఒకటి కొడతారు. దారి తెరుచుకుంటే మూతి నుంచి గాలి వస్తుంది. మూతి ముందు ఎండుటాకో, దుమ్మో కదిలితే దారి బాగున్నట్టు." కిటికీలోంచి పత్తి మోళ్ళు చూస్తూ ఆమె మళ్ళీ అంది. "ఇరవై రెండేళ్ళలో నేను విన్న చావులన్నీ ఖాళీ తుపాకులవే, అక్బర్. నిండు తుపాకి దగ్గర మనిషి జాగ్రత్తగానే ఉంటాడు."

పోలీసు స్టేషన్లో ఎస్సై సాల్మన్ వారిని మర్యాదగానే కూర్చోబెట్టాడు. తుపాకిని పరీక్షకు పంపి తెప్పించామనీ, సుత్తి, మీట సక్రమంగా ఉన్నాయనీ, దానంతట అది పేలే అవకాశం లేదనీ చెప్పాడు. తన ఎదుటే చూడమని సీలు విప్పించాడు.

కోటిరత్నం ముందు మొన మీద టోపీ లేదని వేలితో తడిమి చూసింది. గొట్టాన్ని మనుషులెవరూ లేని మూలలో, మూతి పైకి ఉండేలా నిలబెట్టింది. ఆ తరవాతే దట్టించే కర్రను చేతిలోకి తీసుకుంది. టేకు కర్ర, ఇంకా నూనె ఇంకని తెల్లని చెక్క. చివర తొడిగింది మాత్రం అరిగిన పాత ఇత్తడి పొన్ను. కర్ర చుట్టూ వెంట్రుకవాసి తేడా లేకుండా సన్నగా కోసి, ఎర్ర రంగు నింపిన గీత.

ఆమె దాన్ని గొట్టంలోకి వదిలింది. అడుగున ఇత్తడి ఇనుముకు తగిలి ఖణేలుమంది.

"గీత ఎక్కడుందో చూసి చెప్పు," అంది.

అక్బర్ పక్కనుంచి మూతి దగ్గరికి చూసి, గీత కనిపించడం లేదన్నాడు. అది గొట్టం లోపలికి దిగిపోయింది. నాలుగు వేళ్ళ లోతున ఉంటుంది.

ఎస్సై భుజాలెగరేసి, గీత ఉంటే ఏమిటి, లేకుంటే ఏమిటి, మనిషైతే పోయాడు కదా అన్నాడు. కోటిరత్నం కర్రను ఫొటో తీయించుకుని లేచింది.

*

సబ్‌జైల్లో బాలస్వామి చువ్వల అవతల నిలబడి, ఎడమ చెవి వాళ్ళ వైపు తిప్పాడు. కుడిచెవిని పదకొండేళ్ళ తుపాకి మోత తినేసింది. ఎడమ చెవిలోనూ దగ్గర మాట తప్ప దూరపు మాట పడదు. అడిగినదానికల్లా అవును, కాదు అన్నాడు. చీరకు ఎదురుగా మూతి ఎందుకు పెట్టావంటే, చీర రెపరెపలాడితే దారి తెరుచుకున్నట్టు తెలుస్తుందని, ఎప్పుడూ అక్కడే కొడతానని చెప్పాడు. చీర అవతల బాట ఉంది కదా అని ఆమె అడిగినప్పుడు తల దించుకున్నాడు.

"ఖాళీదే కదా అనుకున్నానమ్మా. పదకొండేళ్ళు అలాగే అనుకున్నాను."

"దట్టించే కర్ర కొత్తది. ఎవరు చేశారు?"

"పాత కర్రే అమ్మా," అన్నాడతను.

ఆమె మరోసారి అడిగింది. పాతదేనని మరోసారి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని వేళ్ళు చువ్వను బిగించాయి. బయటికొచ్చాక అక్బర్, ఇతను అబద్ధం చెప్పాడు మేడమ్ అన్నాడు దిగులుగా.

"చెప్పాడు. తనకు పనికొచ్చే నిజాన్ని దాచుకోవడానికి చెప్పాడు. అలాంటి అబద్ధం హంతకులు చెప్పరు."

కొండ్రుపాడు చేలో ఆ చీర ఇంకా కంచెకే ఉంది. పోలీసులు కాలిన ముక్కను కత్తిరించుకుని మిగతాది వదిలేశారు. అది సంతోషకుమారిదే, ఒకప్పుడు చిలకపచ్చది. కోటిరత్నం చీరను రెండు చేతులా సాపుచేసి పట్టుకుంది. కత్తిరించిన చోటు చుట్టూ పొగచూరిన చిన్న చిన్న బూడిదరంగు మచ్చలు, పాతవి, వానకు వెలిసినవి, లెక్కకు ఇరవై కనిపించాయి. కంచెకు లోపల నిలబడి అవతలికి చూడమని అక్బర్‌తో చెప్పింది. అతనికి చీర తప్ప ఏమీ కనబడలేదు.

పక్క చేలో రహమతున్నీసా రెండో కోత కోస్తోంది. అక్బర్ మెడలోని కెమెరా చూసి నవ్వింది. "ఏం నాయనా, ఫొటోలు తియ్యడానికి మా మొహాలే దొరికినియ్యా? కాస్త ఆగు, పౌడరు రాసుకొస్తా." పక్కనున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. ప్రశ్నలు మొదలయ్యాక మాత్రం ఆమె గంభీరంగా, విన్నది విన్నట్టు చెప్పింది. కర్ర చప్పుడు ఎలా ఉందని కోటిరత్నం అడిగింది.

"దబ్బుమంది. గోనెసంచి మీద గుద్దినట్టు."

"ఖణేలుమనలేదా?"

"రోజూ అయితే గంట కొట్టినట్టే ఉంటదమ్మా, ఇంత దూరం ఇనపడద్ది. ఆ రోజు దబ్బుమంది. ఆ చెవిటోడికి అదెట్టా తెలుస్తది?" బాలస్వామి ఊళ్ళో లేని మూడు రోజులూ తుపాకి మోగిందా అని అడిగితే, ఒక్కసారి కూడా మోగలేదని ఆమె ఖాయంగా చెప్పింది. చేను పక్కనే తమ గుడిసె. మోగితే పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు.

*

రామమూర్తి మాస్టారి ఇంటి గేటుకు పేరు పలక ఉంది. నల్ల రేకు మీద ఎర్ర ఎనామెల్ అక్షరాలు, స్కేలు పెట్టి గీసినంత నిటారుగా ఉన్నాయి. వసారాలో నల్లబల్ల, సుద్దముక్కలు, ఇప్పటికీ పిల్లలకు చెప్పే లెక్కల ఆనవాళ్ళు. మాస్టారు వాళ్ళను కూర్చోమనలేదు.

ఆ నేరస్థుడి తరఫున వచ్చినవాళ్ళతో తనకు మాటలేమిటన్నారు. అయినా మాట్లాడారు. నలభై రోజులుగా ఆయన మాట్లాడుతున్నది అదొక్కటే. తన ఇంట్లో తుపాకి ఎన్నడూ మందుతో ఉండదనీ, గోడకు తగిలించేటప్పుడు టోపీ తీసివేయడం తమ నియమమనీ, ఆ రోజు కూడా మొన మీద టోపీ లేదనీ, తన కళ్ళతో చూసి ఖాళీ తుపాకినే బాలస్వామి చేతికి ఇచ్చాననీ అన్నారు. "మందు దట్టించింది వాడే. కర్ర వేసి చూశాడట. కర్ర చూపిస్తే మందు తెలియదా? లెక్క లెక్కే కదమ్మా. లెక్క తప్పదు."

పాత దట్టింపు కర్ర ఏమైందని కోటిరత్నం అడిగింది. విరిగిందని, ముక్కలు కొట్లో ఉన్నాయని చెప్పి, ఆయన ముఖం తిప్పుకున్నారు. కొట్లో ఆమెకు రెండు ముక్కలూ దొరికాయి. విరిగిన చోట చెక్క ఏటవాలుగా చీలింది. దట్టించే కొస నల్లగా, మందు మరకతో ఉంది. ఇత్తడి పొన్ను ఊడదీసి ఉంది. పక్కనే బల్ల మీద చిన్న రంపం, గరుకు కాగితం, ఉక్కు స్కేలు, మూత గట్టిపడిన ఎర్ర ఎనామెల్ డబ్బా వరసగా అమర్చి ఉన్నాయి. అక్బర్ ఆ డబ్బాను చూశాడు. తరవాత మేడమ్ ముఖం చూశాడు.

రఘురామ్ భార్య అన్విత వంటగది గుమ్మంలో నిలబడి చెప్పింది. బాలస్వామి లేని రోజుల్లో మంచె మీద కాపలా ఆయనే వెళ్ళాడు. అలవాటు లేని పని. మూడో రోజు తెల్లారి వచ్చినప్పుడు చేతులు నల్లగా ఉంటే, మోటారు నూనె అనుకుని సబ్బు ఇచ్చింది. పందులు అసలు రాలేదు, రాత్రంతా ఊరికే కూర్చున్నానని చెప్పి పడుకుని, మధ్యాహ్నం దాటాక లేచాడు.

"టీ ఇచ్చానండి. బాలస్వామి వచ్చి తుపాకి పట్టుకెళ్ళాడని మామయ్యగారు అన్నారు. ఆయన గ్లాసు సగంలో పెట్టేసి లేచారు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎక్కడికండీ అంటే వినిపించుకోలేదు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడితో గొడవకి వెళ్ళారనుకున్నాను. పోలీసులకీ అదే చెప్పాను."

తిరిగి వెళ్ళే దారిలో అక్బర్, ఇది చెప్పి తీరాలా అని అడిగాడు. ఆ పెద్దాయనకు మిగిలింది కోపం ఒక్కటే, అది కూడా లాగేసుకుంటే బతుకుతాడా అన్నాడు.

"బతకకపోవచ్చు," అంది కోటిరత్నం. "కానీ ఇంకో మనిషి జైల్లో ఉన్నాడు."

*

రెండు వారాలకు ఎస్సై సాల్మన్ కోర్టు అనుమతితో బాలస్వామిని ఒక పగటికి కస్టడీలోకి తీసుకున్నాడు. అతను కోటిరత్నం మాట పూర్తిగా నమ్మలేదు. అయినా స్టేషన్లో తానే మరోసారి కర్ర వదిలి చూసి, ఆ రాత్రి సరిగా నిద్రపోలేదని తరవాత ఒప్పుకున్నాడు. మాస్టారి వసారాలో అందరూ చేరారు. మాస్టారు కుర్చీలో, అన్విత గోడ పక్కన, మెట్ల మీద రహమతున్నీసా, స్తంభం దగ్గర సంతోషకుమారి, ఇద్దరు కానిస్టేబుళ్ళ నడుమ బాలస్వామి. బల్ల మీద తుపాకి, కొత్త కర్ర, పాత కర్ర ముక్కలు. గొట్టం మూతి ఖాళీ గోడ వైపుకు ఉంది.

కోటిరత్నం గొంతు పెంచకుండా మొదలుపెట్టింది.

"బాలస్వామి చీర చాటున పొంచాడని రాశారు. చీరకు లోపల నిలబడిన మనిషికి బాట కనబడదు. దాని మీద ఇరవై పొగమచ్చలున్నాయి. ఇరవైసార్లు అతను ఉత్త టోపీ కొట్టి ఆ చీర రెపరెపలు చూసుకున్నాడు. ఇరవై ఒకటోసారి కూడా అతను చూడబోయింది చీరనే. దాని వెనక దారి ఉందని, దారి మీద మనుషులు నడుస్తారని పదకొండేళ్ళలో ఒక్కరోజైనా అనుకుని ఉండాల్సింది. అది అతని తప్పు. దాన్ని నేను తుడవలేను."

బాలస్వామి తల ఊపాడు.

"ఇక లోపల మందు ఎవరు పోశారు? బాలస్వామి పోసి ఉంటే, పోసినవాడు మళ్ళీ కర్ర వేసి రెండుసార్లు చూసుకోడు. చూసిన చప్పుడు రహమతున్నీసా విన్నది. అప్పటికే అడుగున మందు ఉంది కాబట్టే ఇత్తడి ఇనుముకు తగల్లేదు, మోగలేదు. ఆ తెల్లవారుజామున నల్లబడిన చేతులతో ఇంటికి వచ్చింది రఘురామ్. మూడు రోజులూ తుపాకి మోగలేదు. అంటే అతను మందు దట్టించాడు, కాల్చలేదు. అలవాటు లేని చెయ్యి కావడంతో దట్టిస్తుండగా కర్ర విరిగింది. పందులు రాలేదు. టోపీ ఒక్కటి తీసేసి, నిండు తుపాకిని తెచ్చి గోడకు తగిలించాడు. ఈ ఇంట్లో టోపీ లేకపోతే ఖాళీ అనే అర్థం."

అన్విత గోడకు ఆనుకుంది.

"సాయంత్రం టీ తాగుతూ బాలస్వామి తుపాకి పట్టుకెళ్ళాడని విన్నాడు. లోపల మందుందని అప్పుడు గుర్తొచ్చింది. గొడవకు పోయే మనిషి చెప్పులు వేసుకునే పోతాడమ్మా. మీ ఆయన బాలస్వామికి చెప్పడానికి పరుగెత్తాడు. ఒద్దు అన్నది తన ప్రాణం కోసం కాదు. కానీ పిలిచింది చెవిటివాణ్ణి, చీర అవతలి నుంచి."

అన్విత మెల్లగా కింద కూర్చుంది. ఇంతసేపూ మాస్టారు మాత్రం నిటారుగానే ఉన్నారు.

"అయితే కర్ర?" అన్నారు ఆయన. "కర్ర వేస్తే గీత పైకి నిలవాలి కదా. నిలవలేదంటున్నాడు. అక్కడే ఉంది వాడి అబద్ధం."

"మీ స్కేలు తెప్పించాను మాస్టారూ. మీరే కొలవండి," అంది కోటిరత్నం.

ఆయన లేచారు. కళ్ళజోడు సరిచేసుకుని, కొత్త కర్ర కొస నుంచి ఎర్ర గీత దాకా కొలిచారు. ఎనభై మూడు సెంటీమీటర్లు. కొత్త కర్ర నుంచి ఊడదీసిన ఇత్తడి పొన్నును అక్బర్ పాత ముక్క కొసకు తొడిగి పట్టుకున్నాడు. రెండు ముక్కలనూ చీలిక దగ్గర కలిపి పాత గీత దాకా కొలిచారు ఆయన. తొంభై ఒకటి. మరోసారి కొలిచారు. అంతే వచ్చింది. ఆయన పెదవులు తీసివేతను తమలో తామే చేసుకున్నాయి. ఆయన నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి స్కేలు మీద పెట్టి చూసుకున్నారు.

కోటిరత్నం ఇక మిగిలింది చాలా నెమ్మదిగా చెప్పింది. ఆ పగలు రఘురామ్ నిద్రలో ఉండగా కొత్త కర్ర చేసినవారు పాత ముక్కలు కలిపి కొలవడం కన్నా, నేరుగా గొట్టంలోనే పెట్టి గుర్తు వేయడం సరైన పద్ధతి అనుకున్నారు. మొన మీద టోపీ లేదు. అందువల్ల ఖాళీ అనుకున్నారు. కర్ర కొస అడుగున కాక మందు మీద ఆగింది. అక్కడ మూతికి సమంగా, వెంట్రుకవాసి తప్పు లేకుండా గీత గీశారు. అప్పటినుంచి ఆ గీత నిండు తుపాకిని ఖాళీ అని చూపిస్తుంది. బాలస్వామి నమ్మింది ఆ గీతనే.

"చేసింది పాపం అని కాదు," అంది. "బాలస్వామి మీద హత్య కేసు పోవాలంటే ఆ చెయ్యి ఎవరిదో కాగితం మీద ఉండాలి. నేను చెబితే అది ఊహ. చేసినవారు చెబితే సాక్ష్యం."

సంతోషకుమారి ఒక అడుగు ముందుకొచ్చి, అయితే మా ఆయన ఇంటికొస్తాడా అమ్మా అని అడిగింది. హత్య అన్న మాట పోతుందనీ, నిర్లక్ష్యం అన్న మాట ఉంటుందనీ, దానికి కూడా శిక్ష ఉందనీ ఎస్సై చెప్పాడు. ఆమె వెనక్కి వెళ్ళి మళ్ళీ స్తంభం పక్కన నిలబడింది.

ఎస్సై కాగితం సర్దుకుని కలం తెరిచాడు. ఈ కర్ర చేసి గీత పెట్టింది ఎవరు అని అందర్నీ ఉద్దేశించి అడిగాడు. ఎండలో కళ్ళం మీద మిరపకాయలు తిరగేస్తున్న పార చప్పుడు దూరంగా వినిపిస్తోంది.

"నేనే చేశానని రాసుకోండయ్యా," అన్నాడు బాలస్వామి.

అందరూ అతని వైపు తిరిగారు. అతను మాస్టారి వైపు చూడలేదు.

"గొట్టం తిప్పింది నేను, మీట నొక్కింది నేను. చినబాబు నా చేతుల్లోనే పోయాడు. ఆ గీత కూడా నా మీదే రాసేస్తే ఏం పోద్ది? ఎట్టా పోయినా నేను పోయేవాణ్ణే. పెద్దాయన ఈ ఇంట్లో ఉండాలి గదా."

ఎస్సై కలం కాగితం మీద ఆగింది. అక్బర్ తల వంచుకున్నాడు. కోటిరత్నం బాలస్వామినీ చూడలేదు, ఎస్సైనీ చూడలేదు. మాస్టారి చేతులనే చూస్తూ ఉంది. అవి స్కేలును బల్ల మీద, కర్రకు సమాంతరంగా, జాగ్రత్తగా పెట్టాయి. తరవాత వాటికి చేయడానికి ఏమీ దొరకలేదు.

"రాయకండి," అన్నారు మాస్టారు. "వాడికి కర్ర చెక్కడం రాదు."

ఆయన కుర్చీ పట్టుకోకుండా, ఎవరి ఆసరా లేకుండా, ఎస్సై ముందుకు నడిచి నిలబడ్డారు. అన్విత మామయ్యగారూ అంది. ఆయనకు వినిపించినట్టు లేదు. ఇన్ని రోజులుగా మారుమోగిన ఆ గొంతు ఇప్పుడు పక్కవారికి కూడా అందడం లేదు.

ఎస్సై లేచి నిలబడ్డాడు. నిబంధన ప్రకారం అడగక తప్పదన్నట్టు, పేరు గట్టిగా చెప్పండి సార్ అన్నాడు.

మాస్టారు ఒకసారి బాలస్వామి వినగలిగే ఎడమ వైపుకు తిరిగారు. అతనికి కూడా వినిపించేలా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలికారు.

"నందిరాజు రామమూర్తి."